ఏనుగమ్మ కంటి మట్టం

శంఖపురి యువరాజు కీర్తిధరుడు కంబళ్ళ మూట నెత్తిన పెట్టుకుని, సోమన్న అనే దొంగపేరుతో వెన్నేటి లోయలో అడుగుపెట్టి ఆనాటికి ఆరు రోజులు. ఈ ఆరు రోజుల్లో ఒక్క కంబళీ అమ్ముడుపోలేదు. అమ్మాలని అతనికీ లేదు.

ధవళశృంగం మీది మంచు కరిగి పుట్టే వెన్నేరు ఒక్కసారిగా కిందికి దూకదు. పూర్వపు రాజులు కొండల సందుల్లో ఏడు చోట్ల రాతికట్టలు కట్టి, ఆ నదిని ఏడు మడుగులుగా నిలబెట్టారు. కింద నిలబడి తల ఎత్తితే మెట్టు మీద మెట్టుగా ఏడు అద్దాలు పేర్చినట్టు ఉంటుంది. తెల్లవారుజామున అన్నిటికంటే పై మడుగు ముందు ఎర్రబడుతుంది. ఆ ఎరుపు ఒక్కొక్క మడుగే దిగుతూ దిగుతూ లోయ అడుగున ఉన్న పన్నెండు ఊళ్ళకు చేరేసరికి పసుపుగా మారుతుంది. అప్పుడు అక్కడి ఆడవాళ్ళు వాకిళ్ళు చిమ్మడం మొదలుపెడతారు.

ప్రతి కట్టకూ తూము పక్కన ఒక రాతి ఏనుగు ఉంది. ఏనుగమ్మ అంటారు. నీరు ఆ తల్లి పాదాలు తడిపితే ఊళ్ళలో పండగ. తొండం తడిస్తే కింది ఊళ్ళకు కబురు. కన్ను తాకితే మాత్రం ఎవరినీ అడగనక్కరలేదు, కట్ట కాచే నీరటివాడు తూము తెరిచి నీళ్ళు వదలాల్సిందే. మూడువందల ఏళ్ళుగా లోయ ఈ ఒక్క మాట మీద బతికింది.

ఐదేళ్ళ కిందట, పొలాలకు మరిన్ని నీళ్ళు కావాలని కీర్తిధరుడు నెమలిమడుగు కట్టనూ, అన్నిటికంటే పైనున్న మబ్బుమడుగు కట్టనూ నాలుగేసి మూరలు ఎత్తు పెంచాడు. కట్ట పెరిగితే నీరు పెరుగుతుంది, ఏనుగమ్మ మునిగిపోతుంది కదా అని ఊరి ఆడవాళ్ళు వచ్చి కన్నీళ్ళు పెట్టుకున్నారు. యువరాజు మనసు కరిగిపోయింది. మంచి ముహూర్తం చూసి, పట్టుతాళ్ళు కట్టించి, తానే ఒక భుజం పట్టి రెండు ఏనుగులనూ నాలుగు మూరలు పైకి జరిపించాడు. పట్టాభిషేకం జరిగినా అతనికి అంత సంతోషం కలిగేది కాదేమో.

కట్ట పైన పెరిగింది కానీ పునాది పాతదే. పాత పునాది మోయగలిగిన నీరు పాత కంటి మట్టం దాకానే. రెండేళ్ళ కిందట వానల్లో నెమలిమడుగు తెగింది. చిలకలపాడు అనే ఊరు ఊరంతా కొట్టుకుపోయింది. నీరటి కొమ్మన్న నిద్రపోయి తూము తెరవలేదని మంత్రులు విచారణలో తేల్చారు. కొమ్మన్న కూడా నీళ్ళలోనే పోయాడు కాబట్టి కాదనడానికి మనిషి లేడు. ఆ తీర్పు మీద యువరాజు ముద్ర వేశాడు. ఆ తర్వాత ఏడాదికి, పాత కట్టల పటాలు ఎందుకో తిరగేస్తుండగా అతనికి అసలు సంగతి తెలిసింది. దేవతను మునగనివ్వకూడదని అనుకోవడం పాపమా? కాదనే అంటారు ఎవరైనా. కానీ మునిగి చెప్పడమే ఆ తల్లి పని అని ఆ రోజు ఒక్కరికీ తోచకపోవడం ఏమిటో.

తండ్రికి చెబితే, పోయినవాళ్ళు పోయారు, రాజు తప్పు చేశాడని జనం నోట పడితే రాజ్యం నిలవదని ఆయన కొట్టిపారేశాడు. ఇంతలో మళ్ళీ వానలు పట్టాయి. మబ్బుమడుగు దగ్గర బకదంతుడనే మాంత్రికుడు మకాం వేశాడని కబురు వచ్చింది. ఆ కట్ట పునాది కింద ఆదిరాజు దాచిన వరుణమణి ఉంది. దాన్ని మనిషి చెయ్యి తీయలేదు, మంత్రం తీయలేదు. నీరే కట్టను తెంచాలి. అందుకని వాడు ఎవరినీ తూము దగ్గరికి రానివ్వకుండా నీరు పెరగడం కోసం కాపు కాస్తున్నాడు. రాజముద్ర ధరించి వెళ్ళిన ముప్పైమంది సైనికులను మడుగు లోపలికి ఈడ్చుకుంది. అందుకే ఈ మారువేషం. మబ్బుమడుగు తెగితే కిందనున్న పన్నెండు ఊళ్ళూ ఒక్క పూటలో చిలకలపాడు అవుతాయి.

దారి చూపించడానికి అతనికి దొరికిన మనిషి పేరు బయ్యమ్మ. మబ్బుమడుగు నిండుతోంది, తూము తెరవాలని అతను చెబితే వెంట వచ్చింది. నలభై ఏళ్ళు ఉంటాయి. తాడు లాగి లాగి అరచేతులు తోలులా గట్టిపడ్డాయి. మొదటి రోజే ఆమె ఎవరో అతనికి తెలిసింది. ఆమె నీరటి కొమ్మన్న భార్య.

ఆరో రోజు పొద్దున్నే ఇద్దరూ పుట్టి ఎక్కి నెమలిమడుగులో మిగిలిన నీటి మీదుగా బయలుదేరారు. మడుగు మధ్యకు వచ్చేసరికి నీరు గుండ్రంగా తిరగడం మొదలుపెట్టింది. చూస్తుండగానే గానుగ రోలంత సుడి గుడి మండపమంత అయింది. కీర్తిధరుడు తెడ్డు ఎదురు వేయబోయాడు. బయ్యమ్మ ఆ తెడ్డు లాక్కుని, పుట్టిని సుడితోపాటే తిరగనిచ్చింది. ఒక చుట్టు, రెండు చుట్లు. మూడో చుట్టులో అంచు మీదికి రాగానే ఒకే ఒక్క తెడ్డు వేసింది. పుట్టి ఎగిరి ఒడ్డు రాళ్ళ మీద పడింది. వెనక సుడిలోంచి పాచి పట్టిన పచ్చటి చెయ్యి ఒకటి లేచి, గాలిని పిడికిట పట్టుకుని మళ్ళీ మునిగిపోయింది.

కంబళ్ళ మూట విడిపోయి చెల్లాచెదురైంది. కీర్తిధరుడు వాటిని ఉండలు చుట్టి మూటలో కుక్కుతుంటే బయ్యమ్మ నడుం మీద చెయ్యి పెట్టుకుని చూసింది.

“ఆరు రోజులుగా చూస్తున్నా, ఒక్క కంబళి తిన్నగా మడత పెట్టింది లేదు. మీ ఇంట్లో ఎవరు పెడతారు తమ్ముడా?”

“మా అమ్మే అక్కా.”

“అయితే ఆమెనే పంపాల్సింది. తెడ్డు కూడా వేసేది.”

గండి పడిన కట్ట దగ్గరికి వచ్చాక మాత్రం ఆమె నోట హాస్యం పోయింది. తెగిన రాళ్ళ మధ్య నుంచి సన్నటి ఏరు పారుతోంది. ఒక పక్క మిగిలిన కట్ట మీద ఏనుగమ్మ చెక్కు చెదరకుండా నిలబడి ఉంది. బయ్యమ్మ ఒక బండను చూపించి, కొమ్మన్న ఆ రాత్రంతా అక్కడే నిలబడి ఉన్నాడని చెప్పింది. తాను రెండుసార్లు గంజి తీసుకుపోయిందట. రెండుసార్లూ మెలకువగానే ఉన్నాడట. నీరు దంతం దాకా వచ్చింది, ఇంకా కన్ను తాకలేదు, తాకగానే తెరుస్తానన్నాడట. అదే ఆయన ఆఖరి మాట. విచారణకు వచ్చిన అధికారులతో ఈ ముక్కే చెబితే, మొగుడి పరువు కోసం అబద్ధమాడుతోందని నవ్వారట.

ఇదంతా చెప్పి ఆమె ఏనుగమ్మ వైపు తిరిగి దణ్ణం పెట్టింది. ఎందుకు తెగిందో ఆ తల్లికే తెలియాలని, తనకైతే రెండేళ్ళుగా ఆలోచించినా అంతుపట్టలేదని అంది. పక్కన నిలబడిన వాడికి తెలుసు. అతను వంగి చెప్పు వారు సవరించుకున్నాడు. ఆ వారు బాగానే ఉంది.

అక్కడి నుంచి దారి ఇరుకైన లోయలోకి దూరింది. ఒడ్డు వెంట పోతే మిట్ట మధ్యాహ్నం దాటుతుంది. అంతలో, ఎవరో లోపలి నుంచి పీల్చినట్టు ఏటి నీళ్ళు మాయమైపోయి, ఎదురుగా తెల్లటి ఇసుకదారి తిన్నగా మబ్బుమడుగు దాకా పరుచుకుంది. రెండు వైపులా కొండలు, మధ్యలో ముత్యాల పొడి పోసినట్టు ఇసుక. కీర్తిధరుడు ఇది దైవసహాయమే అనుకుని దిగి నడిచాడు. బయ్యమ్మ గొణుక్కుంటూ వెనకే దిగింది. సగం దూరం పోయాక ఆమె చప్పున ఆగింది. ఇసుక మీద పడి ఉన్న చేపలు ఒక్కటీ గిలగిల కొట్టుకోవడం లేదు. కళ్ళు తెరుచుకుని, నీళ్ళు ఇప్పుడే తిరిగొస్తాయని తెలిసినట్టు కదలకుండా ఎదురు చూస్తున్నాయి.

ఆమె అతని మెడ మీద గుడ్డ పట్టుకుని ఒడ్డుకు ఈడ్చింది. ఇద్దరూ చెట్ల వేళ్ళు పట్టుకుని బండ మీదికి ఎగబాకేసరికి, తాటిచెట్టంత నీటి గోడ కొండలు అదిరేలా వచ్చి, వాళ్ళ కాళ్ళ కింద నుంచి దూసుకుపోయింది. కంబళ్ళ మూట దానితోపాటు పోయింది. కీర్తిధరుడు భుజం మీద వేసుకున్న ఒక్క కంబళి మిగిలింది.

ఎండ వాలుతుండగా మబ్బుమడుగు చేరారు.

ఆ మడుగును చూసినవాళ్ళు మొదట నీరు అనుకోరు. ఆకాశమే కొండల దోసిట్లో కూర్చుందనుకుంటారు. ధవళశృంగం తలకిందులుగా అందులో నిలబడి ఉంటుంది. మబ్బులు కింద నుంచి నడుస్తాయి. ఒడ్డున దేవదారు చెట్ల నీడలు ఎంత నల్లగా ఉంటాయంటే, కొంగలు కూడా వాటిమీద దిగడానికి జంకుతాయి. అంత అందమైన నీరు అంత ప్రమాదంగా నిండి ఉంది. ఏనుగమ్మ పాదాల దాకా వచ్చింది నీరు. పాదాలంటే, పాత చోటునే ఉంటే ఏనుగమ్మ తల మునిగినట్టు.

ఏనుగమ్మ ముందు ఒక ముసలి పూజారి పసుపు రాస్తూ కూర్చున్నాడు. వచ్చినవాళ్ళను ఆప్యాయంగా పలకరించి, నీరు పాదాలు తడిపింది, పండగ చేసుకోవాల్సిన వేళ తూము జోలికి పోతే తల్లి ఆగ్రహిస్తుందని, తీర్థం తీసుకుని ఇంటికి వెళ్ళమని చెప్పాడు. బయ్యమ్మ చేతులు జోడించింది. ఆమె మొహంలో సందేహం పోయి నెమ్మది వచ్చింది. పాదాల దగ్గరే ఉన్న నీటికి భయపడి ఇంత దూరం వచ్చామా అని కంబళ్ళవాడి వైపు చూసింది.

అతను ఆమెను కట్ట అవతలి అంచుకు తీసుకుపోయి కిందికి చూడమన్నాడు. కట్ట అడుగున రాళ్ళ సందుల్లోంచి నీరు చెమరుస్తోంది. ఏ కట్టైనా చెమరుస్తుంది. తెల్లటి నీరు వస్తే భయం లేదు. ఇది ఎర్రగా వస్తోంది. కట్ట లోపలి మన్ను కరిగి వస్తోందని నీరటి ఇంటి ఆడదానికి ఎవరూ చెప్పనక్కరలేదు.

“మరి ఏనుగమ్మ అబద్ధం చెబుతుందా తమ్ముడా?” అని ఆమె మెల్లగా అడిగింది.

అతను జవాబు చెప్పేలోగా పూజారి తీర్థం గిన్నెతో వచ్చాడు. గిన్నెలోని నీటిలో పూజారి మొహం కనిపించాల్సిన చోట పొడుగాటి ముక్కు, గుండ్రటి పచ్చ కన్ను కనిపించాయి. కీర్తిధరుడు మరుక్షణం భుజం మీది తడి కంబళి వాడి తల మీద కప్పి కిందపడేశాడు. కంబళి లోపల మనిషి కాస్తా పాము అయ్యాడు, పాము కాస్తా ముళ్ళపంది అయింది. ముళ్ళు అరచేతుల్లో దిగినా యువరాజు వదల్లేదు. చివరికి ఉన్ని చీల్చుకుని పెద్ద తెల్లకొంగ ఒకటి పైకి ఎగిరి, కీచుగా అరుస్తూ శిఖరం వైపు పోయింది.

బకదంతుడి బలం ఎండలో సగమేనని లోయలో అందరికీ తెలుసు. కొండ నీడ మడుగును కప్పగానే వాడు తిరిగొస్తాడు. నీడ అప్పటికే అవతలి ఒడ్డు దిగింది.

తూము బావి కట్ట నడుమ ఉంది. పాతిక నిలువుల లోతు. అడుగున చండ్రకర్ర తలుపు, దానికి ఆనించి మూడు చీలలు. చీలలు ఊడగొడితే నీరే తలుపు తోసుకుని వస్తుంది. దిగినవాణ్ణి ఆ క్షణంలోనే పైకి లాగాలి. లేకపోతే బావే వాడికి సమాధి. బయ్యమ్మ రాతి గిలక చూసుకుంది, తాడు ముడి చూసుకుంది. పదిహేనేళ్ళు కొమ్మన్నను తానే దించి తానే లాగానని, కంబళ్ళవాడు అంతకంటే బరువేమీ ఉండడని అంది. తాడు అతని నడుముకు బిగించి, తూము సుత్తి అక్కడే దోపి, కొస చేతికి చుట్టుకుని ఆగింది.

“పేరు చెప్పు. అసలు పేరు. సోమన్నవి కావని మొదటి రోజే తెలుసు నాకు.”

అతను తడబడ్డాడు. ఆమె విసుక్కోకుండా చెప్పింది. పేరు తెలియని మనిషిని బావిలో దించకూడదు. వాడు పైకి రాకపోతే కట్ట మీద నిలబడి ఆ పేరు మూడుసార్లు పిలవాలి. గంగమ్మకు ఎవరిని అప్పగించామో చెప్పాలి కదా. దొంగపేరు పిలిస్తే ఆ ప్రాణం ఎటూ కాకుండా తిరుగుతుంది.

ఇంకో దొంగపేరు చెప్పవచ్చు. ఆమెకు తెలియదు. తెలిస్తే ఆ తాడు ఆమె చేతిలో ఉంటుందో లేదో, తాడు లేకపోతే కింద పన్నెండు ఊళ్ళు ఏమవుతాయో. నీడ మడుగులో సగం దాటింది. కీర్తిధరుడు ఏనుగమ్మ వైపు చూడబోయి మానుకుని, బయ్యమ్మ మొహమే చూశాడు.

“కీర్తిధరుణ్ణి. శంఖపురి రాజు కొడుకుని. ఏనుగమ్మను నాలుగు మూరలు పైకి జరిపించింది నేనే. మీ కొమ్మన్న నిద్రపోలేదు. ఆయన చూసిన మట్టం తప్పు, ఆ తప్పు నాది. తీర్పు మీద ముద్ర వేసిందీ నేనే.”

బయ్యమ్మ చేతికి చుట్టుకున్న తాడు వైపు చూసింది. తనలో తాను అనుకున్నట్టుగా మాట్లాడింది.

“దంతం దాకానే ఉందని చెప్పాను. ఊరూరా చెప్పాను.”

“అవును.”

“ఎవరూ వినలేదు.”

“నేనూ వినలేదు.”

“రెండేళ్ళు. నీళ్ళకు పోతే ఆడవాళ్ళు కుండలు పక్కకు జరుపుకునేవాళ్ళు. మా గడప తొక్కిన మనిషి లేడు.” ఆమె ఎండిపోయిన పెదవులు తడుపుకుంది. “ఆరు రోజులు నన్ను అక్కా అన్నావు నువ్వు.”

అతను క్షమించమని అడగడానికి నోరు తెరిచి, తన తాడు ఆమె చేతిలో ఉండగా ఆ మాట అడగడం బేరమాడినట్టుంటుందని మూసుకున్నాడు. తన ప్రాణం సంగతి ఎలా ఉన్నా తూము మాత్రం తెరవాలని, తాను దిగేదాకా ఓర్చుకోమని మాత్రం అన్నాడు.

“నీ పేరు నేను పిలవను,” అంది బయ్యమ్మ. “ఆయన పేరు చెప్పుకుంటూ దిగు. నాకు వినపడేటట్టు.”

తమ్ముడా అన్న మాట ఆ తర్వాత ఆమె నోట రాలేదు. గిలక కిర్రుమంది.

కీర్తిధరుడు నాచు పట్టిన గోడలు రాసుకుంటూ దిగాడు. మూరకొకసారి “నీరటి కొమ్మన్న, నీరటి కొమ్మన్న” అంటూ దిగాడు. ఆ పేరు గోడలకు తగిలి పైకీ కిందికీ పోయింది. ఎన్నోసారికో తెలియదు, ఆ మనిషి బండ మీద నిలబడి గంజి తాగుతూ నీటి వైపు చూస్తున్నట్టు, కన్ను తాకగానే తెరుస్తానని అంటున్నట్టు కళ్ళకు కట్టింది. తాను మార్చిన మట్టాన్ని అంత నమ్మకంగా పాటించినవాడు రాజ్యంలో మరొకడు లేడు. అలాంటివాడి పేరు ఈ రోజు దాకా తాను ఒక్కసారీ పలకలేదు. తీర్పులో కూడా చదవకుండానే ముద్ర వేశాడు.

కాళ్ళకు అడుగు తగిలింది. మోకాలి దాకా బురద. తలుపు అవతల మడుగు మొత్తం ఒక పెద్ద జంతువులా ఊపిరి తీస్తోంది. పలకల సందుల్లోంచి నీరు సూదుల్లా చిమ్ముతోంది. నడుమున ఉన్న సుత్తి తీసి మొదటి చీల మీద కొట్టాడు. నాలుగు దెబ్బలకు ఊడింది. “నీరటి కొమ్మన్న.” రెండో చీల వాచిపోయి ఉంది. ముళ్ళు దిగిన అరచేతుల్లోంచి నెత్తురు కారి సుత్తి పిడి జారింది. పది దెబ్బలు, పన్నెండు దెబ్బలు. అదీ ఊడింది. తలుపు ఒక్కసారి మూలిగి, మిగిలిన ఒక్క చీల మీద బరువంతా వేసి ఆగింది.

అప్పుడు తాడు వదులైంది.

నడుము దగ్గర బిగువు పోయింది. పైనుంచి తాడు చుట్టలు చుట్టలుగా జారి అతని భుజాల మీద, తల మీద, బురదలో పడింది. చిట్టచివర కొస కూడా వచ్చి పడింది. కీర్తిధరుడు తల ఎత్తాడు. పళ్ళెమంత ఆకాశం. దాని వెలుగు పోయి బూడిదరంగు వచ్చింది. నీడ మడుగు దాటేసిందన్నమాట. బావి అంచున ఎవరి తలా లేదు. రెక్కల చప్పుడో, చీర కొంగు గాలికి కొట్టుకున్న చప్పుడో ఒక్కసారి వినిపించి ఆగిపోయింది.

కాళ్ళ దగ్గరే పడి ఉంది తాడు కొస. ఎవరైనా కోశారో, ఆమే చేతులారా వదిలేసిందో చూస్తే తెలిసేది. వంగితే చేతికందేది.

అతను వంగలేదు. అక్కా అని పిలవనూ లేదు. ఆ పిలుపు ఆమె వెనక్కి తీసేసుకుంది. మూడో చీల మీద ఎడమ చెయ్యి పెట్టి తడిమి, ఎక్కడ కొట్టాలో చూసుకున్నాడు. పైన ఎవరున్నా, ఎవరూ లేకపోయినా వినపడేటట్టు “నీరటి కొమ్మన్న” అని గట్టిగా ఒకసారి అన్నాడు.

సుత్తి ఎత్తి కొట్టాడు. తలుపు అతని వైపు ఒరిగింది.